అప్‌డేట్: పాత బో (విల్లు) ఉంచేసుకున్నా, స్ట్రింగ్, బాణాలు మార్చా

పోయిన నెల అడిగాను కదండీ, ఇక్కడ మిషిగన్‌లో అక్టోబర్ 1కి ఆర్చరీ జింకల సీజన్ మొదలు, నాది 12 ఏళ్ల నాటి కాంపౌండ్ బో (చివర్లలో చక్రాలుండే విల్లు), కొత్తది కొనాలా దీన్నే బాగుచేయించాలా అని. ముందు స్ట్రింగ్ చూడమన్నారు మీరు, చూస్తే కింది క్యామ్ (ఆ చక్రం) దగ్గర చుట్టిన దారం విడిపోయి లోపలి పోగులు బొచ్చులా లేచి ఉన్నాయి, వేలితో రాస్తే గరుగ్గా తగిలింది, నిండా లాగినప్పుడు తెగి ఉంటే అని తల్చుకుంటే ఒళ్లు జలదరించింది. షాపులో ప్రెస్ (బోని వంచి పట్టుకునే యంత్రం) మీద పెట్టి స్ట్రింగు, కేబుల్స్ అన్నీ మార్చారు, లింబ్స్‌కి (బోలో వంగే బద్దలకి) పగుళ్లేం లేవు, అందుకే కొత్తది కొనలేదు.

అసలు తేడా బాణాల్లో ఉందండీ. పాతవి 500 స్పైన్ (బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకె, ఎక్కువైతే మెత్తన), 60 పౌండ్ల బలంతో 29 అంగుళాలు లాగే నా బోకి అవి మరీ మెత్తన, బాణం తిన్నగా పోతోందా అని పేపర్ గుండా వేసి చూస్తే చిరుగు పక్కకి పోయేది. 400వి తీసుకున్నాక చిన్న చిల్లు, చుట్టూ మూడు ఈకల గీతలు, అంతే! బ్రాడ్‌హెడ్లు (వేటకి వాడే బ్లేడ్ల మొనలు) మాత్రం ఫీల్డ్ పాయింట్లు (సాధనకి వాడే మామూలు మొనలు) పడ్డ చోటే పడతాయనుకోకండి, నావి 30 గజాల దగ్గర 4 అంగుళాలు ఎడమకి పోయాయి, రెస్ట్ (బోమీద బాణం ఆనే భాగం) వెంట్రుకవాసి కుడికి జరిపాక కలిశాయి.

జింకని గాయపరిచి వదిలేయడం నా వల్ల కాదు, అందుకే 25 గజాలు దాటి వెయ్యను. స్ట్రింగ్‌కి వ్యాక్స్ రాయమన్న అన్నకి చాలా థ్యాంక్స్.