డీకేఏ (ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లంగా మారే షుగర్ ఎమర్జెన్సీ) పేషెంట్‌కి పొటాషియం 5.2 నుంచి 3.6కి దిగింది. ఎక్కడికి పోయింది?

కొత్త స్టాఫ్:
ఐసీయూలో చేరి నాలుగు వారాలైంది. రాత్రి డ్యూటీలో 22 ఏళ్ల అబ్బాయి వచ్చాడు. టైప్ 1 షుగర్, రెండు రోజులుగా ఇన్సులిన్ వేసుకోలేదట. షుగర్ 486, పీహెచ్ 7.1, పొటాషియం 5.2. ఎన్ఎస్ (నార్మల్ సెలైన్), ఇన్సులిన్ డ్రిప్ మొదలుపెట్టాం. నాలుగు గంటలకి పొటాషియం 3.6! విరేచనాలు లేవు, వచ్చాక వాంతి కూడా కాలేదు. డాక్టర్ గారు 500 ఎన్ఎస్‌లో ఒక కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) ఆంప్యూల్ కలిపి రెండు గంటల్లో ఎక్కించమన్నారు. కేసీఎల్ అంటేనే నాకు చేతులు వణుకుతాయి. అబ్బాయి చెయ్యి మండుతోందన్నాడు కూడా. ఎందుకిలా అని అడిగితే "పుస్తకం చదువుకో" అన్నారు.

పాత సిస్టర్:
చాలావరకు కణాల్లోకే వెళ్లిందమ్మా. ఇన్సులిన్ లేనప్పుడు కణాల్లోని పొటాషియం రక్తంలోకి వచ్చేస్తుంది, అక్కడి నుంచి మూత్రంలో పోతూనే ఉంటుంది. రిపోర్టులో నిండుగా, ఒంట్లో ఖాళీగా. ఒకటో తారీఖున ఖాతా చూసి మురిసిపోయినట్టే! ఇన్సులిన్ పెట్టగానే అది మళ్లీ లోపలికి పోతుంది, అసలు లోటు అప్పుడు బయటపడుతుంది. 3.5 కంటే తగ్గితే వెంటనే డాక్టర్‌కి చెప్పు, ఇన్సులిన్ ఆపి ముందు పొటాషియం ఇవ్వమంటారు.

భయం ఉండటం మంచిదే. మన 15 శాతం ఆంప్యూల్ 10 ఎంఎల్‌లో 20 ఎంఈక్యూ (పొటాషియం కొలత) ఉంటుంది. రెండు గంటలంటే గంటకి 10, చేతి నరానికి మామూలుగా ఇచ్చేది అంతే. పుష్ (సిరంజితో నేరుగా నరంలోకి ఎక్కించడం) మాత్రం ఎప్పటికీ వద్దు, గుండె ఆగిపోతుంది. మొదలుపెట్టే ముందు యూరిన్ బ్యాగ్ చూడు. గంటకి 30 ఎంఎల్ కూడా రాకపోతే పెట్టకుండా డాక్టర్‌ని అడుగు. ఈసీజీ మానిటర్ మీద కన్ను ఉండాలి.

మండుతోందంటే "కాస్త ఓర్చుకో బాబూ" అనకు. నేనోసారి అన్నాను, తెల్లారేసరికి మోచెయ్యి దాకా వాచిపోయింది. క్యాన్యులా దగ్గర వాపు, ఎరుపు ఉంటే ఆపేసి మార్చు. లేకపోతే స్పీడ్ తగ్గించాలా, పెద్ద నరానికి మార్చాలా అని అడుగు.

నైట్ బ్రదర్:
ఇంకోటి. వేలాడుతున్న సీసాలోకి ఆంప్యూల్ ఎక్కించొద్దు. కేసీఎల్ బరువు, అడుగున చేరి చిక్కగా అదే ముందు దిగుతుంది. కిందికి దించి, కలిపి, పదిసార్లు తలకిందులు చేసి అప్పుడు తగిలించండి. లేబుల్ మీద డోసు, టైమ్ రాయాలి. శాంపిల్ కూడా డ్రిప్ లేని చేతి నుంచే తీయాలి.

కొత్త స్టాఫ్:
అయ్యో. ఆ 3.6 శాంపిల్ ఎడమ చేతిదే అన్నా. ఎన్ఎస్ కూడా ఎడమ చేతికే నడుస్తోంది.

పాత సిస్టర్:
డ్రిప్ ఆపి తీశావా?

కొత్త స్టాఫ్:
లేదక్కా.

పాత సిస్టర్:
అయితే ఆ అంకెలో సెలైన్ నీళ్లు ఎంతో తెలియదు. ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లకి ఫోన్ చేసి కుడి చేతి నుంచి మళ్లీ పంపించమను, డాక్టర్‌కీ చెప్పమను. తిడితే తిట్టనీ.

కొత్త స్టాఫ్:
చేస్తున్నానక్కా.