ఎనిమిది వేస్తే సరిపోతుందా? మోటార్‌సైకిల్ లైసెన్సు, దానికి ముందు శిక్షణ

తెనాలి మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి కిందటి నెలలో పద్దెనిమిదేళ్లు నిండాయి, ఎల్.ఎల్.ఆర్. (లెర్నర్ లైసెన్సు) కూడా చేతికి వచ్చింది. కాలేజీ వేళలకు బస్సులు కుదరడం లేదు కాబట్టి బండి కావాలంటోంది. అది కూడా స్కూటీ కాదు, గేర్ల బండే నేర్చుకుంటానని పట్టుబట్టింది. నేర్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. నేర్పే పద్ధతి గురించే నా బెంగ.

మూడేళ్ల కిందట మా అబ్బాయి లైసెన్సు పరీక్షకు వెళ్లినప్పుడు నేను ట్రాకు కంచె బయట నిలబడి చూశాను. వరసలో ఉన్న కుర్రాళ్లు ఒకరి తరవాత ఒకరు వచ్చి, కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి, అంటే ఎనిమిది వేసి, వెళ్లిపోయారు. ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టలేదు. మావాడూ చక్కగానే వేశాడు. ఆ తరవాత పదకొండో రోజున కాలువ గట్టు రోడ్డు మీద గేదె అడ్డం వచ్చింది. వాడు వెనక బ్రేకును బలమంతా పెట్టి తొక్కాడు. వెనక చక్రం బిగుసుకుపోయి, బండి పక్కకు జారి, కాలర్ ఎముక విరిగింది. కట్టు కట్టించాక, "ముందు బ్రేకు ఎందుకు పట్టుకోలేదురా?" అని అడిగితే, "అది పట్టుకుంటే పల్టీ కొడుతుందని మావయ్య చెప్పాడు నాన్నా" అన్నాడు. వాడికి నేర్పింది మా బావమరిదే, జూనియర్ కాలేజీ మైదానంలో నాలుగు సాయంత్రాలు. బావమరిదికి నేర్పింది ఆయన స్నేహితుడు.

అందుకే రెండు విషయాలు అడుగుతున్నాను. మోటార్‌సైకిల్ లైసెన్సు ఇచ్చే ముందు, నేర్పడం తెలిసినవారి దగ్గర ఇన్ని గంటలు శిక్షణ పొందాలని మన చట్టంలో ఎక్కడైనా ఉన్నదా? లేకపోతే, ప్రభుత్వం దాన్ని తప్పనిసరి చేయడం మంచిదని మీరు భావిస్తున్నారా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

విశ్రాంత బ్రేకు ఇన్‌స్పెక్టర్:

మాస్టారు గారికి నమస్కారం. రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చాలా ఏళ్లు పనిచేసి విరమణ పొందాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు సూటిగా చెప్పాలంటే, లేదు. సొంత బండి నడిపేవారు ఫలానా స్కూలులో నేర్చుకున్నట్టు ధ్రువపత్రం తేవాలని 1988 మోటారు వాహనాల చట్టం గానీ, 1989 కేంద్ర నిబంధనలు గానీ అడగవు. ఎల్.ఎల్.ఆర్. తీసుకుని కనీసం ముప్పై రోజులు గడవాలి, అది చెల్లే ఆరు నెలలలోపు పరీక్షకు రావాలి, అంతే. ఆ ముప్పై రోజుల్లో ఒక్కసారి కూడా బండి ఎక్కకుండా పరీక్ష ముందురోజు మాత్రమే ఎనిమిది నేర్చుకుని వచ్చినవారిని నేను చాలామందిని చూశాను.

అయితే నేర్చుకునే కాలానికి ఆ కేంద్ర నిబంధనల్లో మూడోది ఉంది, దాన్ని శ్రద్ధగా చదవాలి. నేర్చుకునేవారి వెంట లైసెన్సు ఉన్న బోధకుడు ఉండాలి. ఆయన బండిని అదుపు చేయడానికి గానీ ఆపడానికి గానీ వీలైన చోట కూర్చోవాలి. ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని ఎల్ అక్షరం ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు అని కొలతలు కూడా ఇచ్చారు. అక్షరం కొలతల దాకా ఆలోచించిన నిబంధనలో, మోటార్‌సైకిల్ వెనక సీటులో కూర్చున్న మనిషికి ఏ బ్రేకు అందుతుందన్న ప్రశ్నకు జవాబు లేదు. కారులో బోధకుడి కాళ్ల దగ్గర రెండో బ్రేకు పెట్టవచ్చు. బండికి అది కుదరదని ప్రభుత్వానికీ తెలుసు. అందుకే డ్రైవింగ్ స్కూళ్ల వాహనాలకు జోడు బ్రేకులు ఉండాలన్న నిబంధనలోనే మోటార్‌సైకిళ్లను మినహాయించారు. మినహాయించిన చోట ఇంకొక ఏర్పాటు ఏదీ చెప్పకుండా వదిలేశారు. నాకు తెలిసినంతలో అసలు ఖాళీ అదే. మీ అబ్బాయి అందులోనే పడ్డాడు.

ఎనిమిది గురించి కూడా చెప్పాలి. అది పనికిమాలిన పరీక్ష కాదు. నెమ్మదిగా వెళ్తూ తూకం నిలపడం, చూపు తిప్పిన వైపుకే బండి తిరగడం, క్లచ్ మీద పట్టు, ఇవన్నీ అందులో తేలతాయి. కానీ మొదటి గేరులో, సగం క్లచ్ మీద, వెనక బ్రేకుపై పాదం ఆన్చి వేసే విద్య అది. ముందు బ్రేకు మీద వేలు వేయవలసిన అవసరమే రాదు. పదిహేనో నిబంధనలో అభ్యర్థికి రావలసిన పనుల జాబితా ఉంది. అద్దం సర్దుకోవడం మొదలు, వెనక్కి నడిపి ఇరుకు జాగాలోకి చేర్చడం వరకు అన్నీ కారును దృష్టిలో పెట్టుకుని రాసినట్టే ఉంటాయి. అదే జాబితాలో, ఆపదలో వాహనాన్ని ఆపగలగాలని కూడా ఉంది. అంటే చట్టం మార్చకుండానే, ట్రాకు మీద ముప్పై మీటర్ల తిన్నని దారి గీసి, నలభై వేగంతో వచ్చి గీత దగ్గర ఆపమని అడగడానికి ఇన్‌స్పెక్టరుకు ఈనాడే అధికారం ఉంది. మేము అడగలేదు. రోజుకు వచ్చే అభ్యర్థులెందరో, మాకున్న స్థలమూ సమయమూ ఎంతో చెబితే మీకు కారణం అర్థమవుతుంది గానీ, అడగకపోవడం తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

లీడ్స్‌లో బెజవాడ మనిషి:

ఇన్‌స్పెక్టర్ గారు చెప్పిన ఖాళీని బ్రిటన్‌లో ఎలా పూడ్చారో నేను ఇక్కడ లైసెన్సు తీసుకున్నవాణ్ణి కాబట్టి చెప్పగలను. బెజవాడలో పన్నెండేళ్లు బండి నడిపిన ధీమాతో వెళ్లాను. 1990 నుంచి ఇక్కడ సి.బి.టి. అనే ప్రాథమిక శిక్షణ తప్పనిసరి. అది పూర్తి చేయనిదే నేర్చుకునేవారు కూడా రోడ్డెక్కకూడదు. సాధారణంగా ఒక రోజులో ముగుస్తుంది. ముందు కంటి చూపు పరీక్ష, హెల్మెట్, చేతి తొడుగుల గురించి మాటలు. తరవాత మూసి ఉన్న స్థలంలో బండిని తోయడం, స్టాండు వేయడం దగ్గర నుంచి బ్రేకుల దాకా అభ్యాసం. ఆ తరవాత రోడ్డు గురించి పాఠం. చివరికి కనీసం రెండు గంటలు నిజమైన రోడ్డు మీద.

రోడ్డు మీద ఒక బోధకుడి వెంట ఇద్దరికి మించి ఉండరు. ఆయన మన వెనక సీటులో కూర్చోడు. తన బండి మీద వెనకే వస్తూ, మన చెవిలో పెట్టిన రేడియోలో మాట్లాడతాడు. బ్రేకు ఆయన చేతిలో ఉండదు, కానీ మాట ఉంటుంది. మొదటి కూడలిలో నేను అద్దంలో చూసి కుడికి తిరగబోతే, "మెడ తిప్పి భుజం మీదుగా చూడండి, అద్దంలో కనపడని సైకిలు మీ పక్కనే ఉంది" అన్నాడు. నిజంగానే ఉంది. బెజవాడలో పన్నెండేళ్లూ నేను ఎన్ని సైకిళ్లను చూడకుండా దాటి ఉంటానో ఆ రోజు రాత్రి చాలాసేపు ఆలోచించాను.

ఈ సి.బి.టి.లో నెగ్గడం, తప్పడం అంటూ ఉండవు. బోధకుడికి నమ్మకం కుదిరితే పత్రం ఇస్తాడు, లేకపోతే మళ్లీ రమ్మంటాడు. పత్రానికి రెండేళ్ల గడువు. ఈలోగా ఎల్ పలకలతోనే నడపాలి, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు, మోటార్‌వే ఎక్కకూడదు. పూర్తి లైసెన్సు పరీక్ష రెండు భాగాలు. మొదటి భాగంలో మన ఎనిమిది కూడా ఉంది, కానీ దానితో పాటు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఒక్కసారిగా ఆపడం, అదే వేగంలో అడ్డుగా పెట్టిన గుర్తును తప్పించి పక్కకు మళ్లడం కూడా ఉంటాయి. రెండో భాగం రోడ్డు మీద.

ఇంకొకటి: ఇక్కడ బండి శక్తిని బట్టి మెట్లు ఉన్నాయి. పదిహేడేళ్లకు 125 సీసీ వరకు, పందొమ్మిదికి 35 కిలోవాట్ల వరకు, ఆ పైవాటికి నేరుగా వెళ్లాలంటే ఇరవై నాలుగు నిండాలి. మన దగ్గర 100 సీసీ బండి మీద ఎనిమిది వేసిన కుర్రాడు అదే సాయంత్రం 650 సీసీ బండి కొనుక్కుని హైవే ఎక్కవచ్చు. గేరున్న బండి అనే ఒక్క తరగతిలో అన్నీ వచ్చేస్తాయి. నా మట్టుకు నాకు శిక్షణ గంటల కంటే కూడా ఇదే ముందు సరిదిద్దవలసిన విషయం అనిపిస్తుంది.

హనుమకొండ నుంచి ఒక అక్క:

నేను తొమ్మిదేళ్లుగా ఆడవాళ్లకు స్కూటీ నేర్పుతున్నాను. పెద్దలు చెప్పినవి కాదనను, కానీ తప్పనిసరి అనే మాట దగ్గర నాకు భయం ఉంది. నా దగ్గరికి వచ్చేవారిలో బడి టీచర్లు, నర్సులు, కొట్లలో పనిచేసేవారు ఎక్కువ. ఆటోకు పెట్టే డబ్బు మిగుల్చుకోవాలని బండి నేర్చుకుంటారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనే నేర్చుకోవాలని నియమం పెడితే, మా మండలాల నుంచి ఆ కేంద్రానికి ఎలా రావాలి, ఎంత కట్టాలి? 2021 జూలై నుంచి అమలులోకి వచ్చిన గుర్తింపు శిక్షణ కేంద్రాల నిబంధనలు చూడండి. అక్కడ నేర్చుకున్నవారికి ఆఫీసులో పరీక్ష ఉండదన్నారు, కారు లాంటి తేలిక వాహనాలకు 29 గంటల పాఠం పెట్టారు, బాగుంది. కానీ కేంద్రం పెట్టాలంటే ఎకరాల లెక్కన స్థలం చూపించాలి. అది నాలాంటివారి వల్ల అయ్యే పనా? కష్టమైతే జనం లైసెన్సు మానేస్తారు, బండి మానరు. అప్పుడు ఆ శిక్షణా లేదు, ఈ ఎనిమిదీ లేదు.

ఇంకొక మాట. శిక్షణ వల్ల ప్రమాదాలు తగ్గుతాయా అని వేరు వేరు దేశాలలో జరిగిన అధ్యయనాలను వైద్య, ఆరోగ్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2010లో ఒకచోట చేర్చి పరిశీలించింది. వాటిలో చాలావాటి నాణ్యత తక్కువగా ఉందని, ఏ రకం శిక్షణ మేలో తేల్చి చెప్పలేమని రాశారు. లైసెన్సుకు ముందు శిక్షణ తప్పనిసరి చేస్తే కొందరు మధ్యలోనే ఆగిపోతారని, బండి నడిపేవారు తగ్గడం వల్ల కూడా ప్రమాదాలు తగ్గవచ్చని అన్నారు. నా దగ్గర నేర్చుకునే నర్సమ్మ ఆగిపోతే ఆమె రాత్రి డ్యూటీకి ఎలా వెళుతుంది? దాన్ని నేను భద్రత అనలేను.

అలాగని ఊరుకోమనడం లేదు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు మీద పోయిన 1,68,491 ప్రాణాలలో 74,897 ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవారివే. అంతమంది పోతున్నప్పుడు పరీక్షను గట్టిది చేయాలి, కానీ ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడగకూడదు. ఇన్‌స్పెక్టర్ గారు చెప్పిన ఆ ముప్పై మీటర్ల గీతను ప్రతి ట్రాకు మీద గీస్తే, బావమరుదులు కూడా ముందు బ్రేకు నేర్పడం మొదలుపెడతారు. పరీక్షలో ఏది అడిగితే ఇంట్లో అదే నేర్పుతారు కదా.

మాస్టారు గారూ, అమ్మాయికి నేను నేర్పే పద్ధతి చెబుతాను. మొదటి రోజు ఇంజను ఆపేసి, బండిని తోసుకుంటూ నడిపిస్తాను. నడుస్తూనే ముందు బ్రేకును రెండు వేళ్లతో, నిమ్మపండు పిండినట్టు, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పట్టమంటాను. బండి ముందు భాగం కిందికి కుంగడం చేతికి తెలుస్తుంది. బరువు ముందుకు వచ్చింది కాబట్టి ఇప్పుడు ముందు చక్రమే రోడ్డును గట్టిగా పట్టుకుంటుందని, వెనకది తేలికపడి జారుతుందని అప్పుడు చెబితే మరిచిపోరు. పల్టీ కొట్టేది ఒక్కసారిగా గుంజితేనే. ఇసుక మీద, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు పట్టుకుంటే మాత్రం ముందు చక్రం జారి పడిపోతారు. తరవాత ఇరవై వేగంలో, ఆపైన ముప్పైలో, నలభైలో రెండు బ్రేకులూ కలిపి ఆపడం. ఆగిన చోట ప్రతిసారీ ఇటుక పెట్టిస్తాను. ఇరవైకి, నలభైకి మధ్య ఇటుకల దూరం రెండింతలు కాదు, నాలుగింతలు ఉండటం కళ్లతో చూసిన పిల్ల ముందు వెళ్లే లారీకి అంటుకుని వెళ్లదు.

డాలస్ తెలుగు:

టెక్సాస్‌లో శిక్షణ లేనిదే మోటార్‌సైకిల్ లైసెన్సు రాదు. పాఠమూ అభ్యాసమూ కలిపి సుమారు పదిహేను గంటలు, బండి వాళ్లే ఇస్తారు. పద్దెనిమిది దాటి కారు లైసెన్సు ఉన్నవారికి ఆ తరవాత రోడ్డు పరీక్ష మినహాయిస్తారు. అంతవరకు మెచ్చుకోదగినదే. కానీ ఇరవై ఒకటి నిండినవారు ఆ శిక్షణ పూర్తి చేస్తే హెల్మెట్ లేకుండా నడపవచ్చని కూడా ఇక్కడి చట్టం అంటుంది. శిక్షణను హెల్మెట్‌కు బదులుగా లెక్కపెట్టడం నేను ఎన్నటికీ ఒప్పుకోలేను. మన దగ్గర ఏ మార్పు తెచ్చినా ఇటువంటి బేరం మాత్రం అందులో చేరకూడదు.

తెనాలి మాస్టారు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం అమ్మాయిని మైదానానికి తీసుకువెళ్లి, హనుమకొండ అక్కయ్య గారు చెప్పినట్టే ఇంజను ఆపి తోయించాను. మా అబ్బాయి కూడా వచ్చాడు. చెల్లెలి తరవాత వాడు కూడా బండి తోసుకుంటూ పదిసార్లు ముందు బ్రేకు పట్టి చూశాడు, ఏమీ మాట్లాడలేదు. ఇటుకలు ఆదివారం పెడతాము. శిక్షణ తప్పనిసరి కావాలా అన్నదాని మీద నా అభిప్రాయం కొంత మారింది. ట్రాకు మీద ఆ గీత కోసం మా జిల్లా రవాణా అధికారికి అర్జీ రాస్తున్నాను, పదిహేనో నిబంధనను ఉదహరిస్తూ.

ఒక్క సందేహం మిగిలింది. మైదానం అయ్యాక రోడ్డు మీదికి వెళ్లినప్పుడు నేను వెనక సీటులో కూర్చోవాలా, వేరే బండి మీద వెంట రావాలా? ఎల్.ఎల్.ఆర్. మీద ఉండగా ఏదైనా జరిగితే బీమా వర్తిస్తుందా?

విశ్రాంత బ్రేకు ఇన్‌స్పెక్టర్:

నిబంధన మాట ప్రకారం మీరు వెనక సీటులోనే ఉండాలి. మీ దగ్గర గేర్ల బండి లైసెన్సు ఉండాలి. మీరు తప్ప ఇంకెవరినీ అమ్మాయి ఎక్కించుకోకూడదు. బరువు ఎక్కువైతే కొత్తవారికి తూకం కష్టం, కాబట్టి మైదానంలోనే చివరి రెండు రోజులు మీరు వెనక కూర్చుని అలవాటు చేయండి, ఆ తరవాతే తెల్లవారుజామున ఖాళీ రోడ్డుకు వెళ్లండి. బీమా సంగతి: లెర్నర్ లైసెన్సు కూడా చట్టం దృష్టిలో లైసెన్సేనని, ఆ కారణం చూపి బీమా కంపెనీ తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పింది. ఎల్ పలకలు మాత్రం ముందూ వెనకా రెండూ ఉండాలి. అర్జీ నకలు నాకు కూడా పంపండి, సంతకం చేస్తాను.