"మాతృదేవోభవ"లో పిల్లలను దత్తత ఇచ్చే ఘట్టం: అది దుఃఖమా, ఏడిపించే ఎత్తుగడా?

గోదావరిగట్టు:
1993లో వచ్చిన "మాతృదేవోభవ"ను మొన్న ఆదివారం టీవీలో మళ్లీ చూశాను. భర్త చనిపోయాక, తనకు క్యాన్సర్ అని తెలిసిన తల్లి, తాను పోయేలోపు పిల్లలను ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి దత్తత ఇచ్చే ఘట్టం వచ్చేసరికి, కథంతా ముందే తెలిసి కూడా నేను కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి మాత్రం "ఇది కావాలని ఏడిపించడం నాన్నా" అన్నాడు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. కన్నపేగు బంధాన్ని ఇంతకంటే బలంగా చూపిన ఘట్టం మన తెరమీద ఇంకొకటి ఉందా?

పాతరీలు:
మీ అబ్బాయి అన్నది నిజం. ఈ కథ అదే ఏడాది వచ్చిన మలయాళ "ఆకాశదూతు"కు పునర్నిర్మాణం. రెండింటిలోనూ తల్లిగా వేసింది నటి మాధవే. ఆ మలయాళ చిత్రానికి మూలం 1983లో అమెరికాలో టీవీ కోసం తీసిన ఒక సినిమా. ఐయోవా రాష్ట్రంలో పదిమంది పిల్లల తల్లి ఒకావిడ నిజజీవిత కథ అది. అక్కడ భర్త బతికే ఉంటాడు, కానీ పిల్లలను సాకగల స్థితిలో ఉండడు. మన దగ్గరకు వచ్చేసరికి భర్తను చంపేశారు. అన్ని దారులూ మూసేసి, చివరకు ఒక్క దారి మిగిల్చి, ఆ దారిలో తల్లిని నడిపిస్తే ప్రేక్షకుడు ఏడవక ఏం చేస్తాడు?

మల్లెపందిరి:
మా ఊరి హాలునుంచి ఆడవాళ్లు తడిసిన పమిట చెంగులతోనే ఇళ్లకు వచ్చారు. ఇంకేం రుజువు కావాలి?

నల్లకోటు:
అందరూ ఒక సంగతి మరిచిపోతున్నారు. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం ప్రకారం దత్తహోమం (దత్తత వేళ చేసే హోమం) తప్పనిసరి కాదు గానీ, బిడ్డను ఒకరు ఇవ్వడం, మరొకరు పుచ్చుకోవడం మాత్రం నిజంగా జరిగి తీరాలి. అంటే చేతిలోంచి చేతిలోకి బిడ్డ వెళ్లే ఆ క్షణమే చట్టం దృష్టిలో కూడా అసలు ఘట్టం. దర్శకుడికి ఆ సంగతి తెలుసో లేదో గానీ, సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు.

పాతరీలు:
చట్టం సంగతి అలా ఉంచండి. కీరవాణి సంగీతం లేకుండా, శబ్దం పూర్తిగా ఆపేసి ఆ ఘట్టం చూడండి. "రాలిపోయే పువ్వా" రాసినందుకు వేటూరి గారికి జాతీయ పురస్కారం వచ్చింది. పురస్కారం వచ్చింది పాటకు, ఘట్టానికి కాదు. మీరు ఏడుస్తున్నది ఆ పాటలు విని.

గోదావరిగట్టు:
శబ్దం ఆపి అన్నం కూడా తినలేమండీ! వికలాంగుడైన కొడుకును తీసుకోవడానికి ఎవరూ ముందుకు రానప్పుడు ఆ తల్లి పడే క్షోభకు పాట ఎందుకు? కన్నవాళ్లకే అది అర్థమవుతుంది.

మూడోగది:
చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, ఎప్పుడూ రాయలేదు. ఈ చర్చలో ఇప్పటికి ఆరు వ్యాఖ్యలు వచ్చాయి, ఆరింటిలోనూ ఏడ్చేది తల్లి లేదా ప్రేక్షకుడు. ఇల్లు మారిన ఆ పిల్లలు మర్నాడు పొద్దున ఎవరి ఇంట్లో, ఎవరి దుప్పటి కింద నిద్ర లేచారో ఎవరికీ అక్కర లేకపోయింది. నాకు ఆరేళ్లప్పుడు నన్ను పిల్లలు లేని మా మేనత్తకు దత్తత ఇచ్చారు. సెలవులకు వెళ్తున్నామని చెప్పి, కొత్త గౌను వేసి బస్సెక్కించారు. అక్కడికి వెళ్లాక సంచి విప్పితే అడుగున నా బడి యూనిఫాం ఇస్త్రీ మడతతో కనబడింది. సెలవులకు వచ్చినదానికి యూనిఫాం ఎందుకో ఆరేళ్ల పిల్లకు కూడా తెలుస్తుంది. ఆ మర్నాటి నుంచి మా అమ్మను "అత్తయ్యా" అని, మా అన్నయ్యను "బావా" అని పిలవమన్నారు. ఇక మీరు ఆ ఘట్టాన్ని బంధం అంటారో, త్యాగం అంటారో మీ ఇష్టం.

నల్లకోటు:
మీరు చెప్పినది బాధాకరం. అయితే అదే చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, దత్తతకు ముందు ఎవరిని పెళ్లాడకూడదో తర్వాత కూడా వారిని పెళ్లాడకూడదు కనుక, ఆ "బావ" అన్న పిలుపుకు...

మల్లెపందిరి:
నల్లకోటు గారూ, దయచేసి ఆపండి.

గోదావరిగట్టు:
మూడోగది గారూ, మీకు జరిగినదానికి విచారిస్తున్నాను. కానీ మీ ఒక్కరి చేదు అనుభవాన్ని ముందు పెట్టి, చావు అంచున నిలబడి బిడ్డలకు నీడ వెతికిన తల్లిని బోనులో నిలబెట్టడం అన్యాయం. ఇవ్వడం ఆ తల్లికి సరదానా? ఇచ్చిన తర్వాత ఆమె ఏం తిన్నదో, ఎన్ని రాత్రులు నిద్రపోయిందో మీరెప్పుడైనా ఆలోచించారా?

మూడోగది:
ముప్పై ఏళ్లుగా అదే ఆలోచించమని చెప్పారు, అదే ఆలోచించాను. ఇంట్లో ఎవరి నోట విన్నా అమ్మ ఎంత కుమిలిపోయిందో చెప్పేవారే తప్ప, నువ్వెలా ఉన్నావని అడిగినవారు లేరు. మీరు అంతగా ఆవేశపడుతున్నది సినిమా తల్లి కోసమేనా?

గోదావరిగట్టు:
కాదు. రాయకూడదనే అనుకున్నాను.

మా నాన్నకు జబ్బు చేసి మంచం పట్టినప్పుడు, మా చెల్లెలిని మా చిన్నాన్నకు దత్తత ఇచ్చింది అమ్మ. నేను మగపిల్లవాడిని, పెద్దవాడిని కనుక ఇంట్లోనే ఉండిపోయాను. ఆ తర్వాత చాలా రోజుల పాటు అమ్మ పొద్దున్నే అలవాటు చొప్పున గూట్లోంచి చెల్లెలి ఎర్ర రిబ్బన్లు తీసి, ఒక్క క్షణం చేత్తో పట్టుకుని, మళ్లీ గూట్లోనే పెట్టేది. నేను చూస్తూ కూర్చునేవాణ్ణి. అమ్మ తప్పు చేసిందని ఎవరైనా అంటే, ఆ ఇంట్లో మిగిలిపోయి చదువుకున్న నేను కూడా ఆ తప్పులో భాగస్థుడినే అవుతాను. అది నేను ఒప్పుకోలేను. మా చెల్లెలు ప్రతి సంక్రాంతికీ వచ్చేది. అమ్మను "పెద్దమ్మా" అనే పిలిచేది. అమ్మ పోయిన రోజున కూడా "పెద్దమ్మా" అనే ఏడ్చింది. అది చిన్నాన్న మీద గౌరవంతో అంటున్నది కాబోలు అనుకున్నాను.

మూడోగది:
మీ అమ్మగారిని నేను తప్పు పట్టలేదు. మా అమ్మను కూడా పట్టను, ఆమె స్థితిలో నేనుంటే అంతకంటే మంచి పని చేసేదాన్నని చెప్పలేను. నాకు కోపం ఆ ఘట్టం చూసి ఏడ్చి, మనసు తేలికపడి ఇళ్లకు వెళ్లేవాళ్ల మీద. మీ చెల్లెలు ఎందుకు అలా పిలిచేదో ఆమెను అడిగారా?

గోదావరిగట్టు:
అడగలేదు. ఆమె ఆ సినిమా చూడదు. టీవీలో వస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

పాతరీలు:
శబ్దం ఆపి చూశారా అన్న నా ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.