గెసు చర్చి రూపం ట్రెంట్ మహాసభ చలవేనా?

తోరణం:
ప్రొటెస్టెంట్ల దెబ్బకు ట్రెంట్ మహాసభ (కాథలిక్ బిషప్‌ల సభ, 1545–1563) కొత్త చర్చి నమూనా ఇచ్చిందనీ, దాని తొలి రూపం రోములో యేసుసభ వారి (జెసూట్ల) చర్చి గెసు అనీ చాలామంది రాస్తున్నారు. నేను ఒప్పుకోను. 1563 డిసెంబరు తీర్మానం బొమ్మల గురించి మాత్రమే: పటాలు ఉండొచ్చు, గౌరవం ఆ పటంలోని వారికి చెందుతుంది, అశ్లీలం కూడదు, అలవాటులో లేని బొమ్మ పెట్టాలంటే బిషప్ అనుమతి కావాలి. కట్టడం గురించి ఒక్క ముక్క లేదు. పోనీ గెసు ప్లాను కొత్తదా? విశాలమైన ఒకే నడిమి మండపం, పైన కమాను కప్పు, రెండు వైపులా చిన్న పూజాగృహాలు. ఇవన్నీ ఇటలీలోని మాంటువాలో వాస్తుశిల్పి ఆల్బెర్టి గీసిన సాన్త్ ఆండ్రియా చర్చిలో ఉన్నాయి. దాని పని 1472లోనే మొదలైంది.

గవాక్షం:
తోరణం గారూ, తీర్మానంలో లేనంత మాత్రాన ప్రభావం లేదనేస్తే ఎలా? మహాసభ చివరి దశ వ్యవహారాలను రోము నుంచి నడిపిన కార్లో బొర్రొమేయో, మిలాను ఆర్చిబిషప్‌గా 1577లో చర్చి కట్టడంపై ఏకంగా ఒక గ్రంథమే వెలువరించాడు. గుండ్రటి ప్లాను అన్యుల గుళ్లదని పక్కనపెట్టి సిలువ ఆకారమే మేలన్నాడు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. మందసం (దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ప్రతిష్ఠించిన రొట్టె, ఉంచే పెట్టె) ప్రధాన బలిపీఠం మీదే ఉండాలి. పాపసంకీర్తన గూడు (గురువుకు, అంటే పాదరీకి, పాపాలు చెప్పుకునే చెక్క గది) గురించి ఎంత వివరంగా చెప్పాడో చూడండి: మధ్య పలకలో కిటికీ, దానికి సన్నని చిల్లులున్న ఇనుప రేకు, గురువు వైపు పలుచని గుడ్డ. మాట వినపడాలి, మనిషి కనపడకూడదు. ట్రెంట్ సంస్కరణ చెక్కలోకీ ఇనుములోకీ దిగిందంటే ఇదే.

సున్నపురాయి:
బొర్రొమేయో పుస్తకం వచ్చేనాటికి గెసు గోడలు లేచి చాలాకాలమైంది. దాని రూపం తేల్చింది డబ్బు పెట్టిన కార్డినల్ అలెస్సాండ్రో ఫర్నేసే. 1568 ఆగస్టులో గెసు వాస్తుశిల్పి విన్యోలాకు రాసిన ఉత్తరంలో షరతులన్నీ ఉన్నాయి: ఖర్చు 25,000 స్కూడీలు (అప్పటి నాణేలు), పక్క నడవలు వద్దు, కప్పు కమానుగానే ఉండాలి. యేసుసభ గురువులు మాత్రం చదునైన చెక్క కప్పు అడిగారు. కమాను కింద ప్రతిధ్వని పుట్టి ప్రసంగం అర్థం కాదని వాళ్ల భయం. ఆ భయం సబబైనదే: గట్టి వంపు కప్పు ధ్వనిని మింగదు, వెనక్కి తిప్పికొడుతుంది. ముందు పలికిన అక్షరం చల్లారక ముందే తర్వాతిది వచ్చి మీద పడుతుంది. అయినా ఫర్నేసే మాటే చెల్లింది. గెసుది ప్రసంగం బాగా వినపడటం కోసమే పుట్టిన రూపమనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

గవాక్షం:
కప్పు విషయం ఒప్పుకుంటాను. కానీ ఫ్లోరెన్సు సంగతి? అక్కడి సాంతా క్రోచే, సాంతా మరియా నొవెల్లా చర్చిల్లో జనానికీ సన్యాసుల స్థలానికీ మధ్య నిలువెత్తు అడ్డగోడలుండేవి. 1560లలో చిత్రకారుడూ వాస్తుశిల్పీ అయిన వసారి వాటిని కూల్చాడు. సాంతా క్రోచే ప్రధాన పీఠం మీద పెద్ద చెక్క మందసం నిలిపాడు. తలుపు దగ్గర నిలబడ్డవాడికీ దివ్యసత్ప్రసాదపు చోటు కనబడింది.

తోరణం:
ఆ కూల్చివేతలకు వెనక నిలిచింది ఫ్లోరెన్సు పాలకుడు కోసిమో ప్రభువు. మహాసభ అడ్డగోడల ఊసే ఎత్తలేదు. పైగా ఆ గోడలతోపాటు వాటిని ఆనుకున్న పాత కుటుంబాల పీఠాలూ పోయాయి, ఆ నష్టాన్ని ఎవరూ ప్రస్తావించరు.

సున్నపురాయి:
ఇంకో మాట. గెసు లోపల ఇప్పుడు కళ్లు చెదరగొట్టే కప్పు చిత్రం చిత్రకారుడు గౌల్లిది, 1670లలో వేసింది. చర్చి ప్రతిష్ఠ 1584లో. దాదాపు తొంభై ఏళ్లు ఆ కప్పు మీద ఆ చిత్రం లేదు. ట్రెంట్‌కు స్పందన ఎలా ఉండేదో తెలియాలంటే, ముందు ఆ రంగులన్నీ తీసేసి చూడాలి.