పడమటి గోడకు ఇన్సులేషన్ లోపలా, బయటా?

చెన్నై పూందమల్లి దగ్గర కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. ఆరంగుళాల సాలిడ్ బ్లాకుల గోడలు, బయట ఇంకా పెయింట్ వేయలేదు. పడమటి వైపు చెట్టు లేదు, పక్కిల్లూ లేదు. రాత్రి పదింటికి ఆ గోడ మీద చెయ్యి పెడితే అప్పుడే దించిన పెనంలా ఉంటుంది. మంచం జానెడు ఇవతలికి జరుపుకున్నాం.

మేస్త్రీ లోపల రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి నార పరుపు) పెట్టి జిప్సం బోర్డు బిగిద్దామంటున్నాడు. వానలకు గోడ చెమ్మగిల్లితే రాక్‌వూల్ తడిసి పనికిరాకుండా పోతుందని నా భయం. పైగా గది ఇరుకవుతుంది. బయటే 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ షీట్ (థర్మాకోల్ లాంటిదే, ఇంకా గట్టి ఫోమ్) అంటించి, మెష్ వేసి ప్లాస్టర్ చేయిస్తే ఎండ వేడి గోడదాకా రాదు కదా? కానీ ఆ పని తెలిసినవాళ్లే నాకు దొరకట్లేదు.

ఎవరైనా చేయించారా? రెండు వానాకాలాలకు ప్లాస్టర్ పగుళ్లిచ్చిందా? చెదలు పట్టాయా? చదరపు అడుగుకి ఎంతయింది? డాబా మీద కూల్ రూఫ్ పెయింట్ మాత్రం చెప్పకండి, అది ఎప్పుడో వేయించేశాం.