పాఠం చెప్పడం నిజంగా ఎక్కడ నేర్చుకున్నారు? బీఎడ్, డీఎడ్ ఇంటర్న్‌షిప్ అనుభవాలు చెప్పండి

శ్రావణి_మ్యాథ్స్
అందరికీ నమస్తే. నేను బీఎడ్ సెకండియర్, మ్యాథ్స్ మెథడాలజీ. ఇంటర్న్‌షిప్‌కి ఒక జడ్పీ హైస్కూల్లో వేశారు, ఏడు, ఎనిమిది తరగతులు ఇచ్చారు. పాఠ్యపథకం ఎలా రాయాలి, రికార్డు ఎలా నింపాలి, చార్టులు ఎక్కడ దొరుకుతాయి, ఇవన్నీ సీనియర్లు బోలెడు చెప్పారు, పీడీఎఫ్‌లు కూడా పంపారు. నాకు కావలసింది అది కాదండీ. క్లాసులో నిలబడ్డాక మీ బోధన దేనివల్ల బాగుపడింది? నేను పాఠం అయ్యాక "అర్థమైందా" అంటే అందరూ ఒకే గొంతుతో "అయింది మేడమ్" అంటారు. నోట్‌బుక్స్ తీసి చూస్తే సగం మంది -7 పెద్దది, -3 చిన్నది అని రాసి ఉంటారు. పరిశీలనకు వచ్చినవాళ్లు "వాయిస్ బాగుంది, బోర్డు వర్క్ ఇంకొంచెం చూసుకోమ్మా" అని సంతకం పెట్టి వెళ్తున్నారు. ఆ మాటతో రేపు క్లాసులో ఏం మార్చుకోవాలో తెలియడం లేదు.

కోనసీమ_లెక్కల_సారు
శ్రావణి గారూ, ముందు "అర్థమైందా" అనే ప్రశ్న మానేయండి. దానికి "అయింది" తప్ప ఇంకో జవాబు చెప్పే ధైర్యం ఏ ఏడో తరగతి పిల్లకూ ఉండదు. దాని బదులు పీరియడ్ చివర్లో ఒక్కటే ఒక్క లెక్క బోర్డు మీద రాసి, ఎవరి పుస్తకంలో వాళ్లను చేయమని చెప్పి, వరసల మధ్య తిరగండి. అప్పుడు నోరు కట్టేసుకోవాలి, అదే కష్టం. తప్పు కనబడగానే దిద్దేయాలని చేయి లాగేస్తుంది. దిద్దకుండా "ఇది ఎలా వచ్చింది, చెప్పు" అని అడగండి.

మీరు చెప్పిన -7 సంగతే తీసుకుందాం. పిల్లలు ఏమంటారంటే "మూడు కంటే ఏడు పెద్దది కదా మేడమ్". చాలామంది ట్రైనీలు వెంటనే అప్పు ఉదాహరణ ఎత్తుకుంటారు, ఏడు రూపాయల అప్పు, మూడు రూపాయల అప్పు అని. పిల్లవాడు ఇంకా గట్టిగా "ఏడు రూపాయల అప్పే ఎక్కువ" అంటాడు, వాడి మాటలో తప్పేమీ లేదు, అప్పుగా చూస్తే అదే ఎక్కువ. అక్కడ ఉదాహరణ మార్చాలని వాడి మాట వింటేనే తెలుస్తుంది, పథకంలో రాసుకుంటే తెలియదు. నేనైతే కాశ్మీర్ చలి చెబుతాను. సున్నాకి మూడు డిగ్రీలు కిందికి పోయిన రోజు, ఏడు డిగ్రీలు కిందికి పోయిన రోజు, ఏ రోజు కాస్త వెచ్చగా ఉన్నట్టు? ఆ తర్వాత వరండాలో చాక్‌పీసుతో సంఖ్యారేఖ గీసి -7 మీద ఒకరిని, -3 మీద ఒకరిని నిలబెట్టి, కుడివైపు ఎవరున్నారో అడిగితే చాలు.

సాయంత్రం ఆ ఒక్క లెక్క ఉన్న పుస్తకాలు మూడు దొంతరలు పెట్టండి. వచ్చినవాళ్లు, సగం వచ్చినవాళ్లు, వేరే దారిలో పోయినవాళ్లు. మూడో దొంతరలో అందరూ ఒకేలా తప్పు చేసి ఉంటే మర్నాడు మొదటి పది నిమిషాలు దానికే. నా అభిప్రాయంలో ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకోవలసిన అసలు పని ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

పాలమూరు_ఎస్జీటీ
సారు చెప్పిందే ప్రైమరీలో ఇంకా స్పష్టంగా కనిపిస్తది. మా దగ్గరికి డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) నుంచి వచ్చిన ఒక ట్రైనీ చెల్లె మూడో తరగతిలో తీసివేతలు చెప్పింది. ఒక బాబు 52 - 38 = 26 అని వేశాడు. పక్కనే 63 - 27 = 44. మామూలుగా అయితే రెండిటికీ ఇంటూ పెట్టి "జాగ్రత్తగా చెయ్యి" అని రాస్తారు. ఈ అమ్మాయి అట్ల చెయ్యలేదు, పక్కన కూర్చొని వాడితోనే మూడో లెక్క 71 - 46 చేయించింది. వాడు చక్కగా 35 వేశాడు. అప్పుడు ఆమెకు అర్థమైంది, వాడు అజాగ్రత్తగా చేయడం లేదు, వాడికొక పద్ధతి ఉంది: ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడం. 2లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 2 తీస్తున్నాడు. అంత క్రమం తప్పకుండా చేసేవాడికి "జాగ్రత్త" అని చెప్తే ఏం లాభం? చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి "ముప్పై ఎనిమిది నాకియ్యి" అన్నది. వాడే ఒక కట్ట విప్పాడు.

తెలంగాణలో ప్రైమరీ పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం 2022లో మొదలైనప్పటి నుంచి పిల్లల స్థాయిలు రాసుకోవడం మాకు అలవాటే. కాని స్థాయి రాసుకోవడం వేరు, ఆ తప్పు వెనక పిల్లవాడి ఆలోచన ఏందో పట్టుకోవడం వేరు. ఆ చెల్లె దగ్గర నేను కూడా నేర్చుకున్నా.

విజయనగరం_సైన్స్
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నా క్లాసులో అరవై మంది. పీరియడ్ 45 నిమిషాలు అన్నా హాజరు, హోంవర్క్ పోగా మిగిలేది ఎంత? ఎఫ్ఏ (ఫార్మేటివ్ పరీక్ష) దగ్గర పడితే సిలబస్ అంటారు, మార్కుల ఎంట్రీ అంటారు. ట్రైనీకి రోజుకి రెండు మూడు పీరియడ్లే కాబట్టి వీలవుతుందేమో, రేపు ఉద్యోగంలో చేరాక ఈ దొంతరలు ఎవరు పెడతారు?

కోనసీమ_లెక్కల_సారు
విజయనగరం సార్, అరవై పుస్తకాలు రోజూ చూడమని నేను అనలేదు. చిన్న కాగితం ముక్క మీద ఒక్క లెక్క చేయించి తీసుకుంటే అరవై ముక్కలు తిరగేయడానికి పావుగంట పట్టదు, మార్కులు వేయకూడదు, పేరు పెట్టి దిద్దకూడదు, చూసి విడదీయడమే. అదీ కుదరకపోతే ఆరోజు ఏదో ఒక వరస పుస్తకాలు. ఒక తప్పు పదిమందిలో కనిపిస్తే అరవైలోనూ ఉంటుంది. ఇంటర్న్‌షిప్‌లో ఖాళీ ఉన్నప్పుడే కన్ను అలవాటు చేసుకోవాలని నా ఉద్దేశం, అలవాటైన కంటికి తర్వాత అంత టైమ్ అక్కర్లేదు.

విశ్రాంత_డైట్_లెక్చరర్
అమ్మా శ్రావణీ, పరిశీలన గురించి నువ్వు రాసింది చదివి బాధేసింది. ఎందుకంటే ఈ విద్యలో ఫీడ్‌బ్యాక్ ఎలా ఉండాలో మనకు తెలియక కాదు. మైక్రోటీచింగ్‌నే చూడు, అంటే కొద్దిమంది ముందు కొద్ది నిమిషాల చిన్న పాఠం చెప్పి సాధన చేయడం. 1963 ప్రాంతంలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మొదలైంది, మన దేశంలో దాన్ని 36 నిమిషాల చక్రంగా మలుచుకున్నాం: 6 నిమిషాల బోధన, 6 నిమిషాల ఫీడ్‌బ్యాక్, 12 నిమిషాలు మళ్లీ ప్రణాళిక, 6 నిమిషాల పునర్బోధన, మళ్లీ 6 నిమిషాల ఫీడ్‌బ్యాక్. అందులో ఎక్కువ సమయం దేనికిచ్చారో గమనించు. ఆలోచించి మార్చుకోవడానికి. మన కాలేజీల్లో చాలా చోట్ల మొదటి 6 నిమిషాలు జరుగుతాయి, మిగతా 30 నిమిషాలు రికార్డులో జరుగుతాయి. పునర్బోధన లేని మైక్రోటీచింగ్ వల్ల ప్రయోజనం లేదని నేను సర్వీసంతా చెబుతూనే ఉన్నాను.

నీకు ఒక సౌకర్యం ఉందేమో చూసుకో. ఎనిమిదో తరగతికి ఏ, బీ సెక్షన్లు ఉంటే ఒకే పాఠం రెండుసార్లు చెప్పే అవకాశం అడుగు, మధ్యలో ఒక రోజు తేడా ఉండేలా. ఏ సెక్షన్లో ఎక్కడ పిల్లల ముఖాలు మారాయో, ఏ ప్రశ్నకు నిశ్శబ్దం వచ్చిందో ఆ సాయంత్రమే రాసుకుని, ఒక్కటంటే ఒక్కటే మార్చి బీలో చెప్పు. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, అందరూ అప్పెప్ అనేవాళ్లు, ఎనభైల్లో బ్రిటన్ సాయంతో మొదలై తర్వాత రాష్ట్రమంతా వచ్చింది. దాని ఆరు సూత్రాల్లో ఒకటి పిల్లలు చేసిన పనిని గది గోడల మీద ప్రదర్శించడం, ఇంకొకటి స్థానిక పరిసరాలను వాడుకోవడం. టీచర్లు దగ్గర్లోని ఉపాధ్యాయ కేంద్రంలో కలిసి తమ క్లాసులో జరిగింది ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు దగ్గర్లోని బళ్ల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో కూడా ట్రైనీలను వెనక కూర్చోబెట్టి మాట్లాడనిస్తే ఎంతో మేలు. మీ హెచ్ఎం గారిని అడిగి ఒకసారి వెళ్లు.

రమ్య_డీఎడ్
సార్ అంటున్నట్టు ఏ, బీ సెక్షన్లు మాకు లేవండి, రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుంటారు. ఒకటి, రెండు తరగతులు. ఒకవైపు పాఠం చెబుతుంటే ఇంకోవైపు గోల. ఎవరైనా ఇలాంటి చోట చేశారా?

మదనపల్లె_మాస్టారు
రమ్యమ్మా, మన ప్రైమరీ బళ్లలో ఇది మామూలే, దానికి భయపడక్కర్లేదు. మా పక్కనే రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బళ్ల కోసం తయారు చేసిన బహుళ తరగతి పద్ధతి ఉంది, కార్డులు, మెట్ల వారీగా పనులు, పిల్లవాడు తన వేగంతో ముందుకు పోతాడు. దాని స్ఫూర్తితోనే తర్వాత వేరే రాష్ట్రాల్లో కూడా కృత్య కార్డుల పద్ధతి వచ్చింది. ఆ సామగ్రి అంతా నీ దగ్గర లేకపోయినా సూత్రం వాడుకోవచ్చు: ఒక జట్టుకి నువ్వు అవసరం, ఇంకో జట్టుకి నువ్వు అవసరం లేని పని. రెండో దాన్నే ముందు రోజు రాత్రి తయారు చేసుకోవాలి. గింజలు లెక్కపెట్టి కుప్పలు పెట్టడం, అక్షరం కార్డులు జతచేయడం, బొమ్మ చూసి నేల మీద సుద్దతో రాయడం. గోల ఎందుకొస్తుందంటే చేతిలో పనిలేక. జట్టుకో పిల్లను పెద్దగా పెట్టు, రోజూ మార్చు.

ఏజెన్సీ_తెలుగు_టీచర్
భాష గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. భద్రాద్రి జిల్లాలో మా బడికి కోయ పిల్లలు, తండా నుంచి లంబాడీ పిల్లలు వస్తారు. ట్రైనీలు ఊళ్ల నుంచి వచ్చి ఒకటో తరగతిలో నిలబడి పుస్తకం తెలుగులో ప్రశ్న అడుగుతారు, పిల్ల మాట్లాడదు, "ఈ పిల్ల స్లో" అని పరిశీలన పుస్తకంలో రాసేస్తారు. నాకు ఇది చూస్తే కడుపు మండుతుంది. ఆ పిల్ల ఇంటి దగ్గర గలగలా మాట్లాడుతుంది, వారపు సంతలో లెక్క కట్టి చిల్లర తెస్తుంది.

మొన్న వచ్చిన ఇద్దరు ట్రైనీలకు నేను మొదటి వారం పాఠమే ఇవ్వలేదు. మధ్యాహ్న భోజనం దగ్గర కూర్చోండి, పిల్లలతో ఇంటికి నడవండి, నాలుగో తరగతి అక్కల్ని అడిగి రోజువారీ మాటలు ఒక పుస్తకంలో రాసుకోండి అన్నాను. రెండో వారం బొమ్మ కథ చెప్పించారు, ముందు పిల్లల భాషలో, తర్వాత ఒక పెద్ద పిల్ల తెలుగులో, అప్పుడు బోర్డు మీద మూడు వాక్యాలు. మాట్లాడని ఆ పిల్లే కథలో కోడిని కుక్క ఎత్తుకుపోయిందని కొత్త ముగింపు చెప్పింది. కాలేజీలో భాషా బోధన పేపర్ రాసి పాసైనవాళ్లకి ఆ వారంలో తెలిసింది పుస్తకంలో ఉండదు.

విజయనగరం_సైన్స్
నా పాత కామెంట్ చదివి నేను ఈ పద్ధతులకి వ్యతిరేకం అనుకోకండి. నాకు పనికొచ్చిన ఒకటి చెబుతాను. హెచ్ఎం గారి అనుమతి తీసుకుని ఫోన్ వాయిస్ రికార్డర్ ఆన్ చేసి జేబులో పెట్టుకుని పాఠం చెప్పండి. రాత్రి వినేటప్పుడు రెండే విషయాలు లెక్కపెట్టండి: ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగారు, ఎవరెవరి పేర్లు పిలిచారు. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసులు రికార్డు చేసి చూస్తే టీచర్లు సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు, ఆపైన ఆగితే జవాబులు పొడవుగా వచ్చాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేశారు. మూడు సెకన్లు అంటే చిన్నదిగా అనిపిస్తుంది గానీ క్లాసులో నిలబడి ఆగి చూడండి, ఎంత టెన్షన్‌గా ఉంటుందో. పేర్ల లెక్క కూడా ముఖ్యం. మొదటి రెండు బెంచీల వాళ్ల పేర్లే వినిపిస్తే వెనక కూర్చున్న ఆడపిల్లలకి ఆరోజు సైన్స్ పీరియడ్ లేనట్టే.

మన పుస్తకాలు ఇప్పుడు ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాష కదా, ఇంగ్లిష్‌లో అడిగిన ప్రశ్నకు ఇంకా ఎక్కువ సేపు ఆగాలి. పిల్ల ముందు తెలుగులోకి తెచ్చుకోవాలి, ఆలోచించాలి, మళ్లీ ఇంగ్లిష్ చేయాలి. తెలుగులో చెప్పనిచ్చి, మీరు ఇంగ్లిష్ మాట అందిస్తే సరిపోతుంది.

లీడ్స్_నుంచి_అనిత
నేను గుంటూరులో బీఎడ్ చేసి, ఇంగ్లండ్‌లో టీచర్‌గా చేస్తున్నాను. ఇక్కడ నాకు బాగా నచ్చింది ట్రైనింగ్ అయ్యాక వదిలేయకపోవడం. 2021 సెప్టెంబరు నుంచి కొత్త టీచర్‌కి రెండేళ్ల ఇండక్షన్ ఉంది, మొదటి ఏడాది బోధన గంటల్లో 10 శాతం, రెండో ఏడాది 5 శాతం తగ్గిస్తారు, ఆ టైమ్ మెంటార్‌తో కూర్చోవడానికి, వేరేవాళ్ల క్లాసులు చూడటానికి. మెంటార్ ఒక పాఠం చూశాక చెప్పేది ఒక్కటే సూచన, వచ్చే వారం దాన్నే మళ్లీ చూస్తారు. మన దగ్గర 2014 ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనల తర్వాత బీఎడ్ రెండేళ్లయింది, ఇంటర్న్‌షిప్ 20 వారాలు పెట్టారు, అది నిజంగా మంచి నిర్ణయం. కానీ డీఎస్సీలో సెలెక్టయ్యాక కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి పూర్తి టైమ్‌టేబుల్ చేతిలో పెడతారు. మెంటార్ అనే మనిషి ఉండాలి, ఆ మనిషికి దానికోసం పీరియడ్లు తగ్గాలి. లేకపోతే మంచి సీనియర్ దొరికినవాళ్లు బాగుపడతారు, దొరకనివాళ్ల గతి అంతే.

శ్రావణి_మ్యాథ్స్
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. వరండా సంఖ్యారేఖ చేశాను సార్. పిల్లలు -7 మీద నిలబడ్డ అబ్బాయిని "నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి పెద్ద" అన్నారు. అంటే సున్నా నుంచి దూరాన్నే పెద్దదనం అనుకుంటున్నారు. ఇది నాకు అస్సలు తట్టలేదు. మా హెచ్ఎం గారు ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లూ ఇచ్చారు. నాతోపాటు ఇంకో ట్రైనీ ఉంది, ఫిజిక్స్, తను వచ్చి నా క్లాసు చూస్తానంది. తనని ఏం చూడమని చెప్పాలి?

విశ్రాంత_డైట్_లెక్చరర్
నిన్ను చూడొద్దని చెప్పమ్మా. ముందు వరసలో పక్కకి కూర్చుని, పిల్లల వైపు తిరిగి, ముగ్గురు పిల్లల్ని ఎంచుకుని పీరియడ్ అంతా వాళ్లనే చూడమను. ఏ నిమిషంలో ఏం రాశారు, ఎప్పుడు పక్కవాడి పుస్తకం చూశారు, ఎప్పుడు పెన్ను కింద పెట్టారు, ఉన్నది ఉన్నట్టు రాయమను. బాగుంది, బాగోలేదు అనే మాటలు రాయొద్దను. ఆ ముగ్గురిలో ఒకరు నీ మూడో దొంతరలోంచి ఉండాలి. తర్వాత ఆ కాగితం ఇద్దరూ కలిసి చదువుకుని, మర్నాడు తన ఫిజిక్స్ క్లాసులో నువ్వు కూర్చో.

కోనసీమ_లెక్కల_సారు
దూరం సంగతి బాగా పట్టుకున్నారు. వాళ్లు చెప్పిన దూరానికి పై తరగతుల్లో పరమమూల్యం అనే పేరు వస్తుంది, కాబట్టి "తప్పు" అనకండి. "దూరం అడిగితే మీ జవాబు సరైందే, ఇప్పుడు నేను అడుగుతున్నది విలువ" అని రెండు ప్రశ్నల్నీ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఒకే జత సంఖ్యలకి రెండు జవాబులూ రాయించండి. బీ సెక్షన్లో ఏం జరిగిందో వచ్చి ఇక్కడ రాయండి.