స్టిక్కర్లు లేని పాత సైకిల్ ఫ్రేము: ఏ గొట్టాలో తేల్చేదెలా?

ప్రశ్న
లగ్గులతో (గొట్టాలు కలిసేచోట ఉండే లోహపు తొడుగులు) కట్టిన పాత రోడ్ సైకిల్ ఫ్రేము. మళ్లీ రంగు వేయడంతో స్టిక్కర్లు పోయాయి. సీట్ పోస్ట్ (సీటును మోసే కడ్డీ) మీద 26.4 (మి.మీ.) అని ఉంది. మంచి గొట్టాలైతే 27.2 పడుతుందంటారు కదా, అంటే ఇది మామూలు హై-టెన్ (చవక రకం) స్టీలేనా? గోటితో మీటితే మాత్రం గంటలా మోగుతోంది.

జవాబు 1
27.2 లెక్క బయటి కొలత 28.6 మి.మీ. ఉన్న సీట్ ట్యూబుకే (పోస్ట్ దిగే ఫ్రేము గొట్టం) అండి. ఫ్రెంచ్ మెట్రిక్ ఫ్రేముల్లో అది 28.0. బయటి కొలతలోంచి పోస్ట్ సైజూ, సందు కోసం ఇంకో 0.2 తీసేసి సగం చేయండి, పై అంచున గోడ మందం వస్తుంది. 28.6 అయితే మీది 1.0, చవక రకమే. 28.0 అయితే 0.7, పారేయకండి!

వెర్నియర్ లేకపోతే కాగితం పట్టీని గొట్టానికి బిగువుగా చుట్టి, రెండు పొరలు కలిసేచోట గుండుసూది గుచ్చి, చిల్లుల మధ్య దూరం కొలవండి. 28.6కి 90 మి.మీ.కి కాస్త తక్కువ, 28.0కి 88 వస్తుంది. మందంగా రంగు ఉంటే అర మి.మీ. పైనే కలుస్తుంది. టాప్ ట్యూబు (సీటు వైపు నుంచి హ్యాండిల్ వైపు వెళ్లే పై గొట్టం) కూడా చూడండి: 25.4కి 80, 26.0కి దాదాపు 82.

జవాబు 2
పోస్ట్ మీది అంకెను అప్పుడే నమ్మకండి. చిన్న పోస్ట్ దూర్చి బోల్టు బిగించేసి ఉండొచ్చు. పోస్ట్ తీసేశాక లగ్గు వెనక చీలిక అంచులు పైకి పోయేకొద్దీ దగ్గరపడుతుంటే జరిగింది అదే.

జవాబు 3
ఫోర్కు ఊడదీసి స్టీరర్ (ఫోర్కు పైన ఫ్రేములోకి దూరే గొట్టం) అడుగున టార్చి వేయండి. మెలితిరిగిన ఐదు గాట్లు కనిపిస్తే కొలంబస్ కంపెనీ గొట్టాలు. అవే గాట్లు బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) వైపు సీట్ ట్యూబు, డౌన్ ట్యూబు (కింది ఏటవాలు గొట్టం) కొసల్లోనూ ఉంటే ఆ కంపెనీవారి ఎస్‌ఎల్‌ఎక్స్. లోపల పొడవునా అతుకు గీత ఉంటే చాలావరకు చవక గొట్టమే, కానీ కొన్ని క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన స్టీలు) గొట్టాలూ అతికి సాగదీసినవే. మోతను పట్టించుకోకండి. బరువు కూడా గోడ మందమే చెబుతుంది, స్టీలు రకం చెప్పదు. ఏ స్టీలైనా సాంద్రత దాదాపు ఒకటే.

ప్రశ్న అడిగినవారు
సీట్ ట్యూబు 88, టాప్ ట్యూబు 82. చీలిక అంచులు సమానంగానే ఉన్నాయి. గాట్లు లేవు, అతుకు లేదు.

జవాబు 1
అయితే మెట్రిక్ ఫ్రేమే. రెనాల్డ్స్ కంపెనీ 531 రకం గానీ విటస్ కంపెనీ గొట్టాలు గానీ కావచ్చు. బటెడ్ (కొసల్లో మందంగా, మధ్యలో పలచగా ఉండే గొట్టం) అవునో కాదో తెలియాలంటే అల్ట్రాసోనిక్ గేజీతో (ధ్వని తరంగాలతో మందం కొలిచేది) డౌన్ ట్యూబు కొసన, మధ్యలో కొలవాలి. కొసన 0.9, మధ్యలో 0.6 లాంటి తేడా వస్తే బటెడ్.

స్టీలు రకానికి ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరీక్ష (ఎక్స్‌రేలతో లోహంలో ఏమేం కలిశాయో చూసేది) ఉంది. 531లో మాంగనీసు దాదాపు 1.5 శాతం, కొంచెం మాలిబ్డినం ఉంటాయి. క్రోమోలీలో క్రోమియం 1 శాతం దాకా ఉంటుంది. నాణెమంత మేర రంగు గీకి, గొట్టం మధ్యలోనే పెట్టించండి. బాటమ్ బ్రాకెట్ షెల్లు వేరే లోహం, లగ్గు అంచున ఇత్తడి ఉంటుంది. రెండుచోట్లా తప్పుడు జవాబే వస్తుంది.